అంగీకార పత్రంలో లేని గడి

2020 అక్టోబరు నెలాఖరున ఒక సాయంత్రం మా మనవరాలి లెక్కల మాస్టారు ఫోను చేసి, మర్నాడు పొద్దున్నే తాను రేవు దాకా వస్తాననీ, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు ఎవరివి వారి చేతికే ఇస్తాననీ, నన్ను కూడా రమ్మనీ చెప్పారు. కరోనాతో మూతపడిన బడిని నవంబరు 2 నుంచి 9, 10 తరగతులకు తెరుస్తున్నారు. మా మనవరాలు 9వ తరగతి. మర్నాడు నేను ఇంటికి తెచ్చుకున్నది అర ఠావు కాగితం. అందులో విద్యార్థి పేరు, తరగతి, తండ్రి లేదా తల్లి పేరు, ఫోను నంబరు, పిల్లకు జలుబు, జ్వరం లేవనీ, మా ఇష్టపూర్వకంగానే బడికి పంపుతున్నామనీ చెప్పే రెండు వాక్యాలు, వాటి కింద సంతకానికి ఒక గీత ఉన్నాయి. నేను 38 ఏళ్లు బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసినవాణ్ణి. మనియార్డరు ఫారాల మీద, పింఛను పట్టీల మీద, పొదుపు ఖాతా దరఖాస్తుల మీద మా ఊరివాళ్ల సంతకాల్లో నేను చూడనిది గాని, వేలిముద్రల్లో నేను వేయించనిది గాని దాదాపు లేదు. అయినా ఆ అర ఠావు కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మాది కోనసీమలో పి. గన్నవరం మండలంలోని ఒక లంక గ్రామం. వేసవిలో గోదావరి పాయలో నీరు తగ్గినప్పుడు అవతలి ఒడ్డుకు మట్టి గట్టు మీదుగా మోటారు సైకిళ్లు, ఆటోలు తిరుగుతాయి. వరద వచ్చిందంటే ఆ గట్టు కొట్టుకుపోతుంది. మళ్లీ గట్టు పోసే దాకా ఇంజను పడవే మాకు దారి. ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఉంది గాని, ఆరో తరగతి నుంచి పిల్లలు పాయ దాటి హైస్కూలుకు వెళ్లాలి. మా అమ్మాయీ అల్లుడూ కువైట్‌లో ఉంటారు. ఆమె ఒక ఇంట్లో పనిచేస్తుంది, అతను డ్రైవరు. పిల్లలను అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో వదిలి గల్ఫ్ వెళ్లడం కోనసీమలో వింత సంగతి కాదు. మా వీధిలోనే అలాంటి ఇళ్లు నాలుగున్నాయి. మనవరాలు, ఆమెకన్నా ఏడేళ్లు చిన్నవాడైన మనవడు మా దగ్గరే పెరుగుతున్నారు. అప్పటికి నాకు 67 ఏళ్లు. మా ఆవిడకు 62. పాతికేళ్లుగా ఉబ్బసం మనిషి.

రాష్ట్రంలో బడులు మూతపడింది 2020 మార్చి 19న, ఉగాదికి సరిగ్గా ఆరు రోజుల ముందు. ఆ తరువాత తెరిచే తేదీ మాకు అందినట్టే అంది జారిపోతూ వచ్చింది. ఆగస్టు 3 అన్నారు, సెప్టెంబరు 5 అన్నారు, అక్టోబరు 5 అన్నారు, చివరికి నవంబరు 2 దగ్గర నిలిచింది. ఆ వాయిదాలను నేను తప్పు పట్టను. అప్పటి మా తూర్పు గోదావరి జిల్లా కేసుల్లో రాష్ట్రంలోనే మొదటి స్థానంలో ఉన్న రోజులవి. అయితే ప్రతి తేదీకీ మా మనవరాలు ముందుగానే సంచి సర్దుకునేది. తేదీ దాటిపోయాక సంచిలోని పుస్తకాలను తీసి మళ్లీ అలమరలో పెట్టేది. మూడోసారి ఆ సంచిని సర్దనూ లేదు, విప్పనూ లేదు.

ఇంటి దగ్గర చదువు ఎలా సాగిందో చెప్పాలి. స్మార్ట్ ఫోను, ఇంటర్నెట్టు ఉన్నవాళ్లు హైటెక్ అనీ, టీవీ గాని రేడియో గాని ఉన్నవాళ్లు లోటెక్ అనీ, ఏదీ లేనివాళ్లు నోటెక్ అనీ అప్పట్లో పిల్లలను మూడు రకాలుగా లెక్క రాసుకున్నారు. మా ఇంట్లో ఆ మూడు రకాలూ ఒకే వారంలో కనబడేవి. ఉన్న ఒక్క స్మార్ట్ ఫోనుకు సిగ్నలు ఇంట్లో అందదు, ఏటిగట్టు ఎక్కితే అందుతుంది; అందుచేత సోమవారం మేము హైటెక్. ఎండకో వానకో గట్టు మీద కూర్చోలేని రోజున సప్తగిరి ఛానల్లో పాఠం చూస్తే లోటెక్. కరెంటు పోతే మూడో రకం. ఆగస్టు మధ్యలో గోదావరికి పెద్ద వరద వచ్చి, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 20 లక్షల క్యూసెక్కులు దాటి, మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు మా లంకలో మెరక మీద ఇళ్లు తప్ప అన్నీ నీళ్లలో ఉన్నాయి. ఐదు రోజులు కరెంటు లేదు. గొడ్లను ఏటిగట్టు మీదికి తోలుకుపోయి, వాటి పక్కనే పరదా కింద పడుకున్న ఆ రాత్రుల్లో, బడి ఎప్పుడు తెరుస్తారన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

అక్టోబరు 8న జగనన్న విద్యా కానుక పథకం మొదలైంది. మా ఊరికీ కిట్లు వచ్చాయి. సంచి, మూడు జతల యూనిఫారానికి గుడ్డ, పుస్తకాలు, బెల్టు, బూట్లు, మేజోళ్లు. బడి లేకపోయినా మా మనవరాలు ఆ బూట్లు వేసుకుని పెరట్లో కొబ్బరి చెట్ల మధ్య అటూ ఇటూ నడిచేది. బురదలో తొక్కి పాడు చేస్తావని అమ్మమ్మ కోప్పడితే, ఇప్పుడు వేసుకోకపోతే బడి తెరిచేసరికి పట్టవు అని జవాబు చెప్పింది. ఆమె లెక్క తప్పు కాదు. ఆ ఏడు నెలల్లో పిల్ల రెండంగుళాలు పొడవు పెరిగింది.

ఇక ఆ అంగీకార పత్రం సంగతికి వస్తాను. మొదటి రాత్రి ఫోనులో ఇమో యాప్ ద్వారా అమ్మాయితో మాట్లాడాము. విమానాలు ఆగిపోయి, ఆ ఏడాది రావలసిన సెలవుకు రాలేకపోయి, కళ్ల ముందు లేని పిల్లల గురించి నిర్ణయం చెప్పమంటే ఆమె మాత్రం ఏం చెబుతుంది? “నీ ఇష్టం నాన్నా, నువ్వెలా చెప్తే అలాగే” అని ఏడ్చింది. అల్లుడు మాత్రం కాసేపు మాట్లాడకుండా ఊరుకుని, తన వైపు బంధువుల్లో ఒకరు పిల్ల ఖాళీగానే ఉంది కదా అని ఒక సంబంధం మాట కదిపారని చెప్పాడు. “బడిలో ఉంటే ఆ మాట ఎవరూ ఎత్తరండి మావయ్య గారూ. ఇంట్లో ఉంటే రోజూ ఎవరో ఒకరు ఎత్తుతానే ఉంటారు” అన్నాడు. పిల్లకు అప్పటికి పద్నాలుగేళ్లు. కరోనా భయం నాకు టీవీలోంచి వచ్చింది. ఈ భయం ఎప్పటినుంచో మా ఊళ్లో ఉన్నదే. బడి మూతపడిన ఆ కాలంలో మా చుట్టుపక్కల ఇద్దరు ఆడపిల్లలకు అలా ముడిపెట్టేశారని నాకు తెలుసు.

మరోవైపు మా ఆవిడ ఊపిరి ఉంది. చలికాలం వస్తే చాలు, రాత్రి మూడింటికి లేచి గోడకు ఆనుకుని కూర్చునే మనిషి. పిల్లకు జబ్బు వస్తే రెండు రోజులు జ్వరం కాసి పోతుందని డాక్టర్లు చెబుతున్నారు. అది పిల్ల వెంట ఇంటికి వస్తే ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు. కాగితం చూస్తే విద్యార్థికి జలుబు, జ్వరం లేవని మమ్మల్నే చెప్పమన్నది గాని, ఇంట్లో ముసలివాళ్లు ఎందరున్నారు, వాళ్లకు ఏ జబ్బులున్నాయి, వాళ్లను అడిగారా అన్న గడి అందులో లేదు. దరఖాస్తులు నింపించడమే వృత్తిగా బతికినవాణ్ణి కాబట్టి, ఏ కాగితంలోనైనా ఉన్న గడులకన్నా లేని గడులే నాకు ముందు కనబడతాయి. నిజానికి ఆ గడిని నేను కూడా నింపలేదు. ఆ నాలుగు రోజుల్లో అమ్మాయిని అడిగాను, అల్లుణ్ణి అడిగాను, మాస్టారిని అడిగాను, ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడిగాను. పక్క గదిలో ఉన్న మా ఆవిడను అడగలేదు. ఆమె వద్దంటే పిల్ల చదువు ఆగిపోతుంది, సరే అంటే ఆమెకు ఏమైనా అయినప్పుడు ఆ పాపం నాది అవుతుంది. అందుకే అడగకుండా ఉన్నానని ఇప్పుడు అనిపిస్తోంది. నాలుగో రోజు తండ్రి లేదా తల్లి అన్న మాటలు కొట్టివేసి, పైన సంరక్షకుడు అని రాసి, సంతకం చేసి ఇచ్చేశాను.

నవంబరు 2 పొద్దున్న నేను కూడా పడవెక్కాను. అప్పటికి గట్టు ఇంకా పోయలేదు. గదికి 16 మందిని మించి కూర్చోబెట్టకూడదనీ, రోజు విడిచి రోజు, ఒంటిపూట మాత్రమే తరగతులనీ, మధ్యాహ్నం భోజనం పెట్టి ఇళ్లకు పంపేస్తారనీ చెప్పారు. బడి గేటు దగ్గర నుదుటికి గన్ను పెట్టి జ్వరం చూడటం, చేతుల్లో శానిటైజరు పోయడం, బల్లకొకరిని కూర్చోబెట్టడం అన్నీ నా కళ్లతో చూశాను. ఉపాధ్యాయులు తమ చేతనైనదంతా చేశారు. అయితే ఆ గేటుకు చేరే ముందు మా పిల్లలు దాటవలసిన పాయ సంగతి ఏ ఉత్తర్వులోనూ లేదు. పడవలో బడిపిల్లలు పద్నాలుగు మంది, కొబ్బరి వలుపుకు వెళ్లే కూలీలు తొమ్మిది మంది, పాల క్యాన్లు, మూడు మోటారు సైకిళ్లు. నేను పడవ నడిపే సరంగుతో, ఇద్దరినైనా తగ్గించి రెండు విడతలుగా దాటించరాదా అన్నాను. “ఆయ్, దాటిద్దునండి మాస్టారూ, రెండో ఇడతకి డీజిలు ఎవరు పోత్తారండి?” అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. మొదటి రోజు నుంచే పిల్లలు ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. పడవలో ఉన్న ఆ ఏడెనిమిది నిమిషాలూ అందరూ నీటి వైపు తిరిగి నిలబడేవారు, ఒకరి ముఖం మరొకరు చూడకుండా. ఏడు నెలల తరువాత కలుసుకున్న స్నేహితులు అలా వీపులు తిప్పుకుని మాట్లాడుకోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడు రోజులు తిరగకుండానే, బడులు తెరిచాక రాష్ట్రంలో 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు పాజిటివ్ వచ్చిందని వార్త వచ్చింది. హాజరైన నాలుగు లక్షల మందిలో అది 0.1 శాతం కూడా కాదని అధికారులు వివరించారు. లెక్క ప్రకారం అది నిజమే. కాని టీవీ చూస్తున్నవాళ్లకు నాలుగు లక్షల మంది కనబడరు, ఆ 262 మందే కనబడతారు. మరుసటి రోజు మా పడవలో బడిపిల్లలు ఆరుగురే ఉన్నారు. డిసెంబరు మొదట్లో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి పడిపోతున్నారన్న కబురుతో ఆ ఆరుగురిలో ముగ్గురు మళ్లీ ఆగిపోయారు. ఏలూరు ఎక్కడ, మా లంక ఎక్కడ! తరువాత నిపుణులు రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని చెప్పారు. దానికీ కరోనాకూ సంబంధమే లేదు. అయినా ఆ ఏడాది మనుషులు ఏ భయాన్నీ విడిగా చూసే స్థితిలో లేరు.

మా మనవరాలు మానలేదు. దానికి మా ఇంట్లో ఏర్పరచుకున్న కట్టుబాట్ల గురించి రాస్తాను, ఎందుకంటే బడి తెరవడం అంటే మాకు అసలు అర్థం అదే. పిల్ల పడవ దిగి పెరటి దారిన వచ్చి, బోరింగు దగ్గర స్నానం చేసి, యూనిఫారం మరిగిన నీళ్లలో వేసి, ఆ తరువాతే ఇంట్లో కాలు పెట్టాలి. సంచి వసారాలో మేకుకు వేలాడాలి. రాత్రి ఆమె పడక ముందు గదిలో, అమ్మమ్మ పడక వెనక గదిలో. పుట్టినప్పటి నుంచి అమ్మమ్మ పక్కన పడుకున్న పిల్ల. అన్నిటికన్నా కష్టమైనది జడల సంగతి. హైస్కూలుకు రెండు జడలు వేసుకుని, రిబ్బన్లతో పైకి మడిచి కట్టుకుని వెళ్లాలి. ఆ జడలు ఏనాడైనా అమ్మమ్మ చేతి మీదుగా జరగవలసిందే. తలకు నూనె పెట్టి, ఒక మోకాలి కింద పిల్లను కూర్చోబెట్టుకుని, పొద్దున్నే ఊళ్లో సంగతులన్నీ చెప్పుకునే అరగంట అది. ఇప్పుడు పిల్ల అద్దం ముందు తనే వేసుకోవడం మొదలుపెట్టింది. ఒక జడ లావుగా, ఒకటి సన్నగా, పాపిడి వంకరగా వచ్చేవి. మా ఆవిడ గుమ్మం అవతల నిలబడి, ఎడమవైపు ఇంకో పాయ తీసుకో, కుడివైపు బిగించు అని చెబుతూ, చేతులు మాత్రం చీర కొంగులో చుట్టుకుని ఉండేది.

మనవడి సంగతి వేరు. వాణ్ణి అంతకు ముందు ఏడాది అవతలి ఒడ్డున ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఒకటో తరగతిలో వేశాము. బడి మూతపడ్డాక ఫోనులో రోజుకు ఒక వీడియో పంపి, మొత్తం ఫీజు కట్టమన్నారు. అక్టోబరు 30న ప్రభుత్వం ఆ సంవత్సరానికి ప్రైవేటు బడులు ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని జీవో ఇచ్చింది. ఆ జీవో కాగితం పట్టుకుని వెళితే, వాళ్లు దాన్ని చదివి తిరిగి నా చేతికే ఇచ్చారు. బకాయి కడితేనే టీసీ అన్నారు. నాకు కోపం వచ్చింది గాని, ఆ బడి వరండాలో మా వాడికి పాఠం చెప్పిన పంతులమ్మ కనబడి, ఆరు నెలలుగా జీతం లేదనీ, టైలరింగ్ చేసుకుంటున్నాననీ చెప్పాక ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. సగం కట్టి, సగానికి గడువు అడిగి, టీసీ తెచ్చుకుని వాణ్ణి మా ఊరి ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతిలో చేర్పించాను. 1 నుంచి 5 తరగతులకు 2021 ఫిబ్రవరి 1న బడి తెరిచారు. ఆ రోజుకూ ఒక అంగీకార పత్రం. దాని మీద ఆలోచించకుండానే సంతకం పెట్టాను. మొదటి కాగితానికి పట్టిన నాలుగు రోజులు రెండో కాగితానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. వాడు పలక మీద అమ్మ అని రాయమంటే అమ అని రాశాడు. ఒత్తులు పూర్తిగా మరిచిపోయాడు. రెండేళ్లుగా తల్లిని ఫోనులో తప్ప చూడని పిల్లవాడు ఆ మాట అలా రాస్తే మా ఆవిడ ఆ పలకను చెరపనివ్వలేదు. వాళ్ల పంతులమ్మ మాత్రం గట్టి మనిషి. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేసరికి నాకు కూడా దగ్గర కూర్చోబెట్టి చదివించడానికి వీలైంది, వేసవి నాటికి వాడు ఒత్తులు పట్టుకున్నాడు. చిన్నపిల్లల నష్టం పూడుతుంది. పెద్దపిల్లల నష్టం పైకి కనబడదు.

మార్చిలో మా ఇద్దరికీ టీకా మొదటి డోసు పడింది. రెండో డోసుకు రమ్మన్న తేదీ రాకుండానే రెండో విడత ఉద్ధృతి వచ్చిపడింది. 1 నుంచి 9 తరగతులకు ఏప్రిల్ 20 నుంచి సెలవులు ప్రకటించారు. ఆ వారంలోనే మా ఆవిడకు జ్వరం, ఆ వెనక ఆయాసం. ఏప్రిల్ 26 తెల్లవారుజామున ఆమెను మంచం మీద పడుకోబెట్టి, నలుగురం రేవు దాకా మోసుకుపోయి, అమలాపురంలో ఒక ఆసుపత్రికి చేర్చాము. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆ పదకొండు రోజుల గురించి రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. బతికి వచ్చింది, అంతే చాలు.

ఇంటికి వచ్చాక తెలిసింది, మనవరాలు ఆ పదకొండు రోజులూ సరిగా అన్నం తినలేదని. బడిలో తన పక్క బల్ల మీద కూర్చునే అమ్మాయికి ఏప్రిల్ రెండో వారంలో పాజిటివ్ వచ్చిందట. ఆ మాట మాకు చెప్పకుండా దాచి, తానే అమ్మమ్మకు అంటించానని మనసులో పెట్టుకుంది. ఆ నెలలో నేను బ్యాంకుకు రెండుసార్లు వెళ్లాను, రేషను బండి దగ్గర వరుసలో నిలబడ్డాను, అంబాజీపేటలో కొబ్బరి ధర కనుక్కోవడానికి కొట్ల వెంట తిరిగాను, క్షవరం చేయించుకున్నాను. ఎవరి వెంట వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఇదంతా పిల్లకు చెప్పాను. తల ఊపింది గాని నమ్మలేదు. పెద్దవాళ్లు బయట తిరిగితే పని మీద తిరిగినట్టు, పిల్లలు బడికి వెళితే జబ్బు తెచ్చినట్టు ఆ ఏడాదంతా మేమే మాట్లాడుకున్నాం. పిల్లలు ఆ మాటలు విన్నారు.

2021 ఆగస్టు 16న బడులు మళ్లీ తెరిచారు. సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడత పనులు ప్రజలకు అంకితం చేసే సభ మా మండల కేంద్రం పి. గన్నవరంలోనే, అక్కడి హైస్కూల్లో ముఖ్యమంత్రి చేతుల మీదుగా జరిగింది. మా పిల్లలు చదివే బడికి కూడా కొత్త బల్లలు, నీళ్లు వచ్చే మరుగుదొడ్లు, రంగులు వచ్చాయి. ఆడపిల్లలకు ఆ మరుగుదొడ్లు ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కరలేదు. ఉపాధ్యాయులకు టీకాలు వేయించారు. ఊరంతా బడికి పంపడానికే సిద్ధంగా ఉంది. మా మనవరాలు మాత్రం వెళ్లనంది. పదో తరగతి, ఇంట్లోనే చదువుకుంటాను, పరీక్షలు ఎలాగూ పెట్టరు అంది. ఆ మాటకు ఆధారం లేకపోలేదు: 2020లోనూ 2021లోనూ పది పరీక్షలు రద్దు చేసి అందరినీ ఉత్తీర్ణులను చేశారు. అయితే అసలు కారణం పరీక్షలు కాదని నాకు తెలుసు, మా ఆవిడకూ తెలుసు.

మా హైస్కూల్లో ఈసారి కూడా అంగీకార పత్రం తీసుకున్నారు. నేను కళ్లజోడు పెట్టుకుని కలం తీసేసరికి మా ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. “ఏమండీ, పోయినసారి ఆ కాయితంలో ఏం రాశారో నాకు చదివి వినిపించలేదు. ఇప్పుడు చదవండి” అంది. చదివాను. “దీంట్లో నా మాటేదీ?” అంది. నేను జవాబు చెప్పలేదు. పిల్లను పిలిచింది. “ఇదిగో, నేను సరే అంటున్నాను. నాకేమైనా అయితే అది నా ఇష్టం మీద అయినట్టు. నీ పూచీ కాదు” అని చెప్పి, నా వైపు తిరిగి ఇంకు పెట్టె తెమ్మంది. పోస్టాఫీసు నాటి ఇంకు పెట్టె ఎండిపోయి ఉంటే, మూతలో రెండు చుక్కలు నీళ్లు పోసి తడిపాను. నా సంతకం పక్కన ఖాళీలో ఎడమ బొటనవేలు నొక్కింది. వేలిముద్ర వేస్తే సాక్షి సంతకం ఉండాలి కదా, అది మా శాఖలో నియమం. దాని కింద ఇది ఫలానా వారి వేలిముద్ర అని రాసి సాక్షిగా మరో సంతకం చేశాను. లెక్కల మాస్టారు ఆ కాగితం చూసి, “దీనికి గడి లేదండి పోస్టుమాస్టారు గారూ” అన్నారు. అంచున చోటుంది కదండీ అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా దాన్ని కట్టలో పెట్టుకున్నారు. పిల్ల మర్నాడు బడికి వెళ్లింది. జడలు మాత్రం ఇంకా తనే వేసుకుంది.

ఆ విద్యా సంవత్సరం బడి ఆగలేదు. 2022 సంక్రాంతి తరువాత ఒమిక్రాన్ కేసులు పెరిగి, తెలంగాణలో సెలవులు పొడిగించినా, మనకు జనవరి 17నే తెరిచారు. 15 ఏళ్లు దాటినవాళ్లకు ఆ నెల 3 నుంచి టీకా మొదలైంది. మా మనవరాలు మొదటి వారంలోనే వేయించుకుని, ఆ రాత్రి జ్వరంతో పడుకుని, మూడో రోజు లేచి వచ్చి అమ్మమ్మ ముందు దువ్వెన పెట్టి కూర్చుంది. ఏడాదికి పైగా ఆగిన ఆ అరగంట అలా తిరిగి మొదలైంది.

పరీక్షలు మాత్రం వచ్చాయి. ఏప్రిల్ 27 నుంచి మే 9 దాకా, పూర్వపు పదకొండు పేపర్లకు బదులు ఏడు పేపర్లతో జరిగాయి. జూన్ 6న ఫలితాలు. రాష్ట్రం మొత్తం మీద 67.26 శాతం ఉత్తీర్ణులు. రెండు లక్షలకు పైగా పిల్లలు తప్పారు. వారిలో మా మనవరాలు ఒకతె, లెక్కల్లో. ఆ శాతం మీద పత్రికల్లో, టీవీల్లో ఎన్నో వాదనలు జరిగాయి. నేను చూసిన లెక్క చాలా చిన్నది. ఆ పిల్లలు 8వ తరగతి ఆఖరు నెలలు బడికి వెళ్లలేదు. 9వ తరగతిలో నవంబరు దాకా తెరవనే లేదు, తెరిచాక రోజు విడిచి రోజు ఒంటిపూట. 10వ తరగతి ఆగస్టులో మొదలైంది. తెలుగు, సాంఘిక శాస్త్రం ఇంట్లో కూర్చుని ఎలాగో చదువుకోవచ్చు. లెక్కలు మెట్ల వంటివి, నడుమ రెండు మెట్లు లేకపోతే పై మెట్టు మీదికి కాలు అందదు. మాస్టారు సాయంత్రాలు ఉండి చెప్పారు గాని, ఆఖరి పడవ ఆరింటికి. పడవ కోసం మా లంక పిల్లలు ప్రతిరోజూ మధ్యలో లేచి వచ్చేసేవారు.

జూలైలో పెట్టే సప్లిమెంటరీలో ఉత్తీర్ణులైనవారిని కూడా రెగ్యులర్‌గానే పరిగణించి డివిజన్ ఇస్తామని ప్రభుత్వం చెప్పడం పెద్ద ఊరట. జూన్ మధ్యలో మా అమ్మాయి మూడున్నరేళ్ల తరువాత రెండు నెలల సెలవు మీద వచ్చింది. వస్తూనే పిల్లను పట్టుకుని, నాకన్నా పొడుగైపోయావే అని ఏడ్చింది. ఆ నెలంతా మాస్టారు ఇంటికి తల్లే తీసుకువెళ్లి, చెప్పినంతసేపూ అరుగు మీద కూర్చుని తీసుకువచ్చేది. రోజుకు రెండు పూటలా పాయ దాటడం. సప్లిమెంటరీ పరీక్షలు జూలై 6 నుంచి 15 వరకు. ఆ ఏడాది గోదావరి కూడా తొందరపడింది. రెండో వారానికే ఎర్రనీరు వచ్చి గట్టు తెగింది. ఆ పదిహేను, పదహారు తేదీలకు ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కుల దాకా పెరిగి లంకలన్నీ మునిగాయి. లెక్కల పరీక్ష ఆ పోటు పూర్తిగా రాక ముందే పడింది, అదే మా అదృష్టం. తెల్లవారుజామున అమ్మమ్మ జడలు వేసింది. హాల్ టికెట్టును పాలిథిన్ కవర్లో చుట్టి, తల్లి తన జాకెట్లో పెట్టుకుంది. పడవలో లైఫ్ జాకెట్లు వేసుకోవాలని రెవిన్యూవాళ్లు కూర్చున్నారు. మనిషికొక జాకెట్టు లెక్కన ఎక్కించి, పది మంది కాగానే పడవను వదలమన్నారు. మిగిలినవారికి రెండో విడత ఉందని చెప్పారు. సరంగు నా వైపు చూసి నవ్వాడు.

ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో 41 మార్కులు. వరద తీసి, రేవు బురద ఆరాక, మార్కుల జాబితా, టీసీ తెచ్చుకోవడానికి నలుగురం హైస్కూలుకు వెళ్లాము. గుమస్తా రిజిస్టరు తిప్పి, తల్లి గాని తండ్రి గాని ఇక్కడ సంతకం పెట్టాలి అన్నాడు. అలవాటు కొద్దీ నేను జేబులోని కలం తీశాను. మా అమ్మాయి చెయ్యి చాచి ఆ కలం తీసుకుంది.